కుంచెడు గాలి

కొండల నడుమ ఒక ఏరు గండి కొట్టుకుని పారే చోట, ఇప్పుడు ఏ పటమూ గుర్తుంచుకోని కాలంలో, గండిసీమ అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఒక రాజు ఒంటిని కొలిచిన కథను అవ్వలు పిల్లలకు చెబుతూ వచ్చారు. కొలిచినది మైలసాని అనే ఉద్యోగిని అంటారు. అది నిజమే. ఆమె తొట్టి అడుగున సన్నని చిల్లు పెట్టి, నీటిని దొంగిలించి, రాజును ఉన్నదానికంటే తక్కువగా చూపించిందంటారు. కొన్నేళ్లకు రాజుకు ఆ మోసం తెలిసి, ఆమె ముద్రను లాక్కుని సీమ దాటించాడని కూడా అంటారు. ఈ రెండు మాటలనూ నమ్మే ముందు కొంచెం ఆగాలి.

చిల్లు పడిన తొట్టిలోని నీరు, రాజుగారు వచ్చేదాకా మర్యాదగా ఆగి, ఆయన దిగాక కారడం మొదలుపెట్టదు. ఇంట్లో నీళ్ల గాబు ఉన్న ఎవరికైనా ఈ సంగతి తెలుసు. ఇక సీమ దాటించిన మాట. దానికి జవాబు ఆ తొట్టి అంచునే ఉంది. అక్కడికి చివర వద్దాం. ముందు జరిగినది జరిగినట్టు వినండి.

గండిసీమ రైతులు పన్నును గింజల్లో కొలిచేవారు. ఏ చేనుకు ఎన్ని కుంచాలో తాతలనాడే నిర్ణయమైపోయింది. ఆ లెక్కను మార్చే అధికారం రాజుకు కూడా లేదు. మారేది కుంచమే.

ఆ వంశానికి మూలపురుషుడైన రాజు, నీ కుంచం పెద్దది, నా కుంచం చిన్నది అనే తగాదాలు తీర్చి తీర్చి విసిగిపోయాడట. ఒకనాడు తానే నీళ్లలోకి దిగి, తన ఒళ్లే కొలత అని ప్రకటించాడు. రాజు ఒంటి పరిమాణంలో ఇరవయ్యో వంతు కుంచం, కుంచంలో నాలుగో వంతు మానిక. నాటినుంచి కొత్త రాజు వచ్చినప్పుడల్లా అతని ఒళ్లు ఎంతో తేల్చేవారు. దాన్నిబట్టి కొత్త కుంచం పోతపోయించేవారు.

కొలిచేది బరువు కాదు, పరిమాణం. మనిషి ఎంత తూగుతాడో త్రాసు చెబుతుంది. మనిషి ఎంత చోటు నింపుతాడో త్రాసుకు తెలియదు. అది తేల్చే పనే మైలసాని పని.

మైలసాని మానాధికారిణి. అంటే సీమలోని కొలపాత్రలన్నిటికీ పెద్ద. ఆమె ముద్ర పడని కుంచంతో సంతలో ఆవగింజ కూడా కొలిచేవారు కాదు. ఆమె సంస్కృతంలో గణితం చదివింది, తెలుగులో వాదించేది. అణకువ గల మనిషి అని ఆమెను ఎవరూ అనలేదు, ఆమె అనిపించుకోవాలనీ చూడలేదు. నడుముకు వేలాడే ఇత్తడి ముద్రను పట్టుకుని, తన తల్లి నాటినుంచి ఇది అబద్ధం మీద పడలేదని చెప్పేటప్పుడు, ఆమె మెడ కోటగోపురంలా నిలిచేది.

ఆ మధ్యే చనిపోయిన రాజు బక్కపలచని మనిషి. ఆయన కుంచమూ ఆయనలాగే చిన్నది. ఆయన ఏలుబడిలో రైతులకు పన్ను పోను రెండు గాదెలు నిండేవి. ఒకటి తినడానికి, ఒకటి విత్తడానికి. ఆయన కొడుకు సూరపరాజు అలాంటివాడు కాదు. ద్వారంలోంచి వస్తుంటే వెలుగు ఆగిపోయేది. గద తిప్పిన భుజాలు, ఏనుగును తోసిన చేతులు. రైతులు ఆ భుజాలను ఒకసారి చూశారు, తమ గాదెలను ఒకసారి చూసుకున్నారు. కుంచం పెరిగితే పోయేది తినే గాదె కాదు, ఆకలికి ఎవరూ అడ్డం చెప్పలేరు కదా. పోయేది విత్తనాల గాదె. విత్తనం పోతే మరుసటి ఏడు చేను ఉంటుంది, పంట ఉండదు.

పట్టాభిషేకానికి ముందు ఎగువ ఊళ్ల పెద్దకాపు ఎర్రన మైలసాని ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగాడు.

"తల్లీ, కొత్త రాజుగారు భోజనం బాగా చేస్తున్నారా?" అని అడిగాడు.

"ఎందుకయ్యా?"

"ఏమీ లేదు. కొలత అయ్యేదాకా కాస్త తగ్గించి తింటే, ఆయన వదిలిన మెతుకులు మా పిల్లలు తింటారని."

మైలసానికి నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. "రాజు తిండి నా చేతిలో లేదు, ఎర్రనా. రాజు కొలత నా చేతిలో ఉంది. అది ఉన్నంతే ఉంటుంది. నీకోసం ఆవగింజంత తగ్గదు, ఆయనకోసం ఆవగింజంత పెరగదు."

ఎర్రన ఆ మాటకు సంతోషించాలో దిగులుపడాలో తెలియక, ఖాళీ చెంబు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

సూరపరాజుకు గింజల మీద ఆశ లేదని ఇక్కడ చెప్పుకోవడం న్యాయం. అతనికి కావలసింది వేరు. కోటలో పూర్వపు రాజుల కుంచాలన్నీ ఒక అరుగు మీద వరుసగా ఉండేవి. వచ్చినవాళ్లందరూ వాటిని చూసి, ఈయన ఇంతటివాడు, ఈయన అంతటివాడు అని చెప్పుకునేవారు. ఆ వరుసలో తన కుంచం అన్నిటికంటే పెద్దదిగా నిలవాలని అతని కోరిక. పైగా బట్టలు విప్పి, జనం ఎదుట తొట్టిలో మునిగి లేవడం రాజుకు మర్యాద కాదని అతనికి కొందరు నూరిపోశారు. నీళ్లు లేకుండా కొలిచే ఉపాయం ఎవరికైనా ఉందా అని చాటింపు వేయించాడు. ఎవరు కొలిచినా చివరికి ముద్ర వేయవలసింది మైలసానే గనుక, ఆమె ఎదుటే కొలవాలని నియమం.

మొదట వచ్చినవాడు ఆస్థాన స్థపతి నాగోజు. రాతిలో దేవుళ్లను నిలబెట్టినవాడు. రాజును కోట ముంగిట నిలబెట్టి, దారంతో చేయి చుట్టూ, తొడ చుట్టూ, ఛాతీ చుట్టూ కొలిచాడు. చేతిని ఒక స్తంభం అన్నాడు, కాలిని ఒక స్తంభం అన్నాడు, మొండేన్ని పెద్ద స్తంభం అన్నాడు. స్తంభాల పరిమాణం కట్టే సూత్రం ఎవరికైనా తెలిసిందే. అన్నీ కూడి చెప్పాడు. ఆ లెక్కన కొత్త కుంచం పాత కుంచానికి రెట్టింపుకు కొంచెమే తక్కువ.

రాజు ముఖం వెలిగింది. ముంగిట నిలబడిన రైతుల ముఖాలు ఆరిపోయాయి.

మైలసాని సూత్రాన్ని తప్పుపట్టలేదు. సూత్రం సరైనదే. ఆమె రాజు ఎడమకాలి గండపెండేరాన్ని, తండ్రి అతనికి తొడిగిన గౌరవ కడియాన్ని, చూపించింది. "ఆచార్యా, కాలిని ఎక్కడ కొలిచారు?"

"తొడ దగ్గర."

"తొడనుంచి మడమదాకా అదే లావు అని లెక్కించారు. అయితే చీలమండ దగ్గర పట్టిన ఈ కడియం తొడదాకా ఎక్కాలి. ఎక్కించండి."

సేవకుడొకడు కూర్చుని కడియాన్ని పైకి తోశాడు. అది పిక్క కిందే ఆగిపోయింది. రాజే వంగి ఒకసారి లాగి చూశాడు. కదల్లేదు. జనంలో ఎవరో ముక్కుతో నవ్వారు.

నాగోజు చిన్నబోలేదు. శిల్పి ముందు దిమ్మనే తీసుకుంటాడనీ, మూర్తి ఆ దిమ్మలోంచే వస్తుందనీ, అది తమ శాస్త్రమనీ అన్నాడు.

"మీ శాస్త్రం నిజమే. మీరు కొలిచింది దిమ్మను. ప్రభువు దిమ్మ కాదు, చెక్కిన మూర్తి. చెక్కి పారేసిన రాతిపొట్టుకు కూడా రైతు గింజలు పోయాలా?"

ఆ మాటతో నాగోజు తలపాగా సర్దుకుని పక్కకు తప్పుకున్నాడు. పోతూ పోతూ, మైలసానమ్మ తనను తిట్టిందో పొగిడిందో తేల్చమని శిష్యులను అడిగాడట.

రెండవవాడు బొల్లిసెట్టి. పన్ను గింజలను కోట దగ్గర కొని, పొరుగు సీమల్లో అమ్మే వర్తకుడు. కుంచం పెరిగితే అతని బండ్లూ పెరుగుతాయి. అతను ఒక పెద్ద చెక్కపెట్టె తెప్పించాడు. ముందు ఖాళీ పెట్టెను ఆవాలతో అంచులదాకా నింపించి, ఎన్ని కుంచాలు పట్టాయో అందరిచేతా లెక్క పెట్టించాడు. తరువాత ఆవాలు తీయించి, రాజును పెట్టెలో కూర్చోబెట్టి, చుట్టూ మళ్లీ ఆవాలు పోయించాడు. రెండవసారి పట్టనివి ఎన్నో, అంతే రాజు పరిమాణం. తలను ఆవాల్లో ముంచడం కుదరదు గనుక, దానికి బదులు ఒక బూడిదగుమ్మడికాయను రాజు పక్కన ఆవాల్లో పూడ్చాడు. ఆ గుమ్మడికాయను సెట్టి తానే ఎంచి తెచ్చాడు. అది చిన్నదేమీ కాదు.

ఉపాయం మెచ్చుకోదగినదే. మైలసాని కూడా మనసులో మెచ్చుకుంది. కాని ఆమె గింజలను చూడలేదు, పోసేవాళ్ల చేతులను చూసింది. ఖాళీ పెట్టెలో పోస్తున్నప్పుడు సెట్టి మనుషులు పెట్టె పక్కలను కొయ్యసుత్తులతో తడుతూనే ఉన్నారు. రాజు కూర్చున్నాక ఒక్కరూ తట్టలేదు.

ఆమె కారణం అడిగింది. ప్రభువు కూర్చున్న పెట్టెను కర్రతో కొట్టడం అపచారం కాదా అన్నాడు సెట్టి, చేతులు జోడించి.

"అపచారమే. అందుకే కర్ర వద్దు," అని ఆమె రాజు అనుమతి అడిగి, పెట్టె పక్కన అరచేత్తో నాలుగు దెబ్బలు వేసింది. డబ్బాలో పప్పు పోసి కుదిపే ప్రతి ఇల్లాలికీ తెలిసినదే జరిగింది. మెడదాకా ఉన్న ఆవాలు జారి, కుంగి, రాజు భుజాలు బయటపడ్డాయి. గుమ్మడికాయ కూడా తొడిమతో సహా తల ఎత్తి చూసింది.

"ఇంతసేపట్లో ప్రభువు చిక్కిపోయారా, సెట్టీ?"

ఈసారి నవ్వు ఆగలేదు. ఎర్రన పక్కనున్నవాడితో, రెండు తలల్లో ఏది రాజుగారిదో గుర్తుపెట్టుకోమన్నాడు. ఆ మాట రాజు చెవిన పడింది. చెవిలోంచి ఆవాలు దులుపుకుంటూ పెట్టెలోంచి లేచి, రాజు మైలసాని వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. కోపం కింద ఇంకేదో కూడా ఉందని ఆమెకు అనిపించింది. ఏమిటో తేల్చుకోలేకపోయింది.

"ఇక నీ తొట్టే కదా," అన్నాడు. "తేవించు. రేపు సీమంతా చూస్తుండగా దిగుతాను. నేను ఎంతో నీ నీళ్లే చెప్పాలి. తరువాత ముద్ర వేయడానికి మాత్రం వంకలు పెట్టకు."

తొట్టి అంటే నల్లరాతి తొట్టి, మూలపురుషుడి నాటిది. మరునాడు పొద్దెక్కాక ముంగిలి నిండిపోయింది. ఏటి నీళ్లతో తొట్టిని సగానికి పైగా నింపి, నీటిమట్టం దగ్గర మైలసాని జేగురు మట్టితో ఒక గీత గీసింది. రాజు దిగి మునిగితే నీరు పైకి వస్తుంది. అక్కడ రెండవ గీత. రాజు లేచాక, అతని ఒంటికి అంటుకుని వచ్చిన నీటికి బదులు పోసి మట్టాన్ని మొదటి గీతకు తెచ్చి, అక్కడినుంచి రెండవ గీతదాకా మానికలతో కొలిచి పోయాలి. ఎన్ని మానికలు పడితే రాజు అన్ని మానికలు. ఇందులో దిమ్మ లేదు, కుదింపు లేదు. నీరు ఎవరి మొహమాటానికీ లొంగదు.

సూరపరాజు పంచె బిగించి వచ్చాడు. జనాన్ని చూశాడు. ఛాతీ నిండా, ఇంకా నిండా, పక్కటెముకలు తలుపుల్లా తెరుచుకునేదాకా ఊపిరి పీల్చాడు. తొట్టిలోకి దిగి మునగబోయాడు. మునగలేదు. బెండులా తేలాడు. ఇద్దరు సేవకులు భుజాలు పట్టి అదిమితే గాని నడినెత్తి నీళ్ల కిందికి పోలేదు. నీరు పొంగి పైకి వచ్చింది. మైలసాని గీత గీసింది.

అప్పుడే ఆమె కళ్లు ఒకటి చూశాయి. నీళ్ల కింద రాజు ముక్కులోంచి నాలుగు బుడగలు వచ్చాయి. అవి పైకి వచ్చి పగలగానే, నీటి అంచు గీత కిందికి జారింది. వేలెడంత కూడా కాదు, గోరంత. కాని జారింది.

రాజు బుస్సుమని లేచాడు. జనం జయజయ అన్నారు. ఆయన గీత వంక చూసి, ఇక లెక్క చెప్పమన్నాడు.

"చెబుతాను, ప్రభూ. ముందు ఇందులో మీరెంతో, గాలి ఎంతో విడదీయాలి."

రాజు మాట మెల్లగానే వచ్చింది. "నా ఊపిరి నాది కాదా?"

"మీదైతే నీళ్లలోంచి లేవగానే వదిలేసేవారు కాదు."

"ఊపిరి లేనిది శవం, మైలసానీ. నువ్వు రాజును కొలుస్తావా, శవాన్ని కొలుస్తావా?"

ఇది చిన్న ప్రశ్న కాదు. మైలసాని చెయ్యి నడుము దగ్గరి ముద్ర మీదికి పోయింది. ఊపిరి కొలతలోది కాదంటే ఈ ముద్ర ఇంకొకరి నడుముకు పోతుంది. అవునంటే నాలుగు బుడగలు ఆమెకు జీవితాంతం కనిపిస్తాయి. పీల్చిన గాలికి హద్దు లేదు. ఇవాళ ఇంత పీల్చినవాడు రేపు అంత పీలుస్తాడు. వదిలాక మిగిలేదానికే ఒక హద్దు ఉంది. హద్దు లేనిదాని మీద ముద్ర వేయడం ఎలా?

"మీ తాతగారి పద్ధతి ఒకటుంది," అంది. "తొట్టిలో నిలబడి, వంశపు బిరుదులన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి, ఆ చివరి బిరుదుతోనే మునిగేవారట. మా అమ్మ చూసింది. మీ నాన్నగారి కొలత నాడు నేను చూశాను. ఆయనకు మధ్యలో మూడుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది. మీకు ఎన్ని పడతాయో నాకు తెలియదు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. దాచినదీ లేదు. అంత జనం వింటుండగా చెప్పిన మాట. సూరపరాజు ఆమెను కాసేపు చూశాడు. తాత ఒక్క ఊపిరి. తండ్రికి మూడు విరామాలు. సూరపరాజు పెదవి చివర కదిలింది. నీటిని మొదటి గీతకు తెచ్చాక, మళ్లీ తొట్టిలోకి దిగాడు.

ఊపిరి పీల్చి మొదలుపెట్టాడు.

"గండిసీమకు ఏలికను, ఏరు దాటిన శత్రువుకు పిడుగును, కొండ ఎక్కిన శత్రువుకు సుడిగాలిని, శరణన్నవారికి వజ్రపంజరాన్ని, ఆలమందలకు కంచెను, అన్నార్థులకు వంటయింటిని, ఆడినమాటకు కట్టుకొయ్యను..."

గొంతు కోటగోడలకు తగిలి మోగింది. జనం ఒళ్లు పులకరించింది. ఆ బిరుదుల్లో సగం వాళ్ల తాతలు రక్తం పోసి సంపాదించిపెట్టినవే. రైతులు గాదెలు మరిచిపోయి, ఒక్కొక్క బిరుదుకూ తలలూపారు. మైలసాని కూడా ఊపింది. బిరుదులు సాగాయి. గొంతు సన్నబడింది. ఛాతీ దిగింది. పక్కటెముకలు మూసుకున్నాయి. మెడ నరాలు తేలాయి. ఊపిరి తీసుకుంటాడేమోనని ముందువరుసవాళ్లు పంటి బిగువున చూశారు. తీసుకోలేదు. ఇక చివరిది మిగిలింది. మూలపురుషుడు తానే పెట్టుకున్న బిరుదు. అది గుసగుసగా వచ్చింది.

"...సత్యమైన కొలతకు కావలివాణ్ని."

అంతే, రాయిలా మునిగాడు. ఈసారి అదమవలసిన అవసరం రాలేదు. తొట్టి అడుగున కూర్చుని, మీది నీరు అలలు మాని అద్దంలా నిలిచేదాకా ఉన్నాడు. ఒక్క బుడగ రాలేదు. మైలసాని ఇందాకటి పై గీతకు దిగువన ఇంకొకటి, కింది గీత, గీసింది.

నీరు కొలిచి పోశారు. పై గీతకూ కింది గీతకూ మధ్య పట్టినవి సరిగ్గా నాలుగు మానికలు. నాలుగు మానికలంటే ఒక కుంచం. రాజు తన పెద్దరికానికి కలుపుకోబోయినది కుంచెడు గాలి.

కింది గీత ప్రకారం మైలసాని లెక్క చెప్పింది. సూరపరాజు కుంచం తండ్రి కుంచంకంటే పదో వంతు పెద్దది. రెట్టింపు కాదు, ఒకటిన్నర కాదు. అయినా పదో వంతు పెద్దదే. ఆమె తల ఎత్తుకునే చెప్పింది, అది నిజం గనుక.

ఎర్రన ముందుకు వచ్చాడు. ఈసారి హాస్యం ఆడలేదు. "నువ్వు చెప్పింది నిజమే, తల్లీ. కళ్లతో చూశాం. కాని ఆ నిజం కూడా మా విత్తనాల గాదెలోంచే పోవాలా?"

కొలిచి చెప్పడం వరకే మైలసాని పని. జీవితంలో మొదటిసారి ఆ పని ఆమెకు చిన్నదిగా తోచింది.

సూరపరాజు ఇంకా తొట్టిలోనే నిలబడి ఉన్నాడు. జుట్టునుంచి నీరు కారుతున్నది. అతను ఎర్రనను చూడలేదు, గీతలను చూశాడు. తరువాత చెయ్యి చాపి, మైలసాని చేతిలోని మానికను తీసుకుని, తొట్టిలో ముంచి ఎత్తి, ఆమె ముందు పెట్టాడు. నీరు అంచుకు సమంగా నిలిచింది.

"దీని మీద గోపురం పెట్టు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. గండిసీమలో గింజ కొలిచేవాడు ఎవడైనా కుంచం అంచు మీద గింజలను గోపురంలా నిలబెట్టేదాకా పోస్తాడు. గోపురం లేని కొలతను అక్కడివాళ్లు కొలత అనరు, పిసినారితనం అంటారు. పన్నుకూ అదే పద్ధతి, పెళ్లి బియ్యానికీ అదే పద్ధతి.

"నీటికి గోపురం నిలవదు, ప్రభూ."

"నన్ను నీటితోనే కదా కొలిచావు. గోపురం లేకుండా, అంచుకు సమంగా. మా తాతనూ, ఆయన తాతనూ అలాగే కొలిచారు. మరి మా పేరుతో గింజలు కొలిచేటప్పుడు పైన గోపురం ఎవరు పెట్టారు? నా నెత్తి మీద నాకంటే ఎత్తుగా కూర్చునే అధికారం ఎవరికిచ్చాం?"

నీరు తొట్టి దగ్గరా, గింజ కల్లం దగ్గరా కొలుస్తారు. ఆ రెండూ ఒకే చోట ఒకే నాడు ఎన్నడూ కలవలేదు. అందుకే ఆ గోపురం ఎవరి కంటా పడలేదు. ఆవాలు పోసిన చేతులను చూసిన ఆమె, బుడగలను చూసిన ఆమె, ఏటేటా తన ముద్ర మీదే లేస్తున్న గోపురాన్ని చూడలేదు. అది కుంచంలో ఐదో వంతు ఉంటుంది. గుమ్మడికాయకంటే పెద్ద అబద్ధం.

ఆమె మెడ వంచింది. ఎవరి ఎదుటా వంచని మెడ. "నా తప్పు, ప్రభూ."

"నీది మాత్రమే కాదులే," అన్నాడు రాజు. "ఇవాళ నా ఒంట్లోంచి కుంచెడు గాలి తీశావు. నేను నీ కుంచం మీది గోపురం తీశాను. మనిద్దరికీ చెల్లు."

అప్పుడు అతను జనం వైపు తిరిగి, పంచెనుంచి నీరు కారుతూ ఉండగానే, ఆజ్ఞ చెప్పాడు. తన కుంచం తండ్రి కుంచంకంటే పదో వంతు పెద్దది, అంతకు గింజ ఎక్కువ కాదు, తక్కువ కాదు. దాన్ని గోపురం లేకుండా, కర్రతో అంచుకు సమంగా కొట్టి కొలవాలి. తన పేరుతో తనకంటే ఎక్కువ కొలిచినవాడు తనను అవమానించినట్టే.

కంచరులు కొత్త కుంచం పోతపోసి తెచ్చిన నాడు ఎర్రన తన ఇంటి పాత కుంచం సంకన పెట్టుకుని వచ్చాడు. దాన్ని పాత పద్ధతిలో గోపురం నిలిచేలా నింపి, ఆ గింజలను కొత్త కుంచంలో పోశాడు. కొత్త కుంచం నిండింది. కర్రతో అంచుకు సమంగా కొట్టాడు. గింజలు ఇంకా మిగిలాయి. ఆ మిగిలిన గింజలను రెండు చేతులతో ఎత్తి, అందరికీ చూపించి, పై పంచె కొంగులో కట్టుకున్నాడు. "విత్తనాలు," అన్నాడు. మైలసాని కొత్త కుంచం మీద ముద్ర వేసింది. అచ్చు నిటారుగా పడింది.

కోట అరుగు మీది వరుసలో సూరపరాజు కుంచం అన్నిటికంటే పెద్దది కాలేదు. అతని తాత కుంచం దానికంటే పెద్దది. అయినా వచ్చినవాళ్లు ముందు దాని దగ్గరే ఆగేవారు. అంచు అరిగిపోయి మెరిసే కుంచం అదొక్కటే, కర్రతో కొట్టీ కొట్టీ.

ఇక మొదట అనుకున్న ప్రశ్న. చిల్లు పెట్టి మోసం చేసిందా? తెలిసి రాజు ఆమెను వెళ్లగొట్టాడా? నల్లరాతి తొట్టి అడుగు నేటికీ చిల్లు లేకుండా ఉంది, వాన పడితే నీరు నిలుస్తుంది. దాని లోపలి పక్కన జేగురు గీతల చోట ఉలితో చెక్కిన రెండు గీతలున్నాయి. వాటి పక్కన అంచు మీద ఇలా ఉంది: సూరపరాజు ఏలుబడి పన్నెండవ ఏట, శుభకృత్ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ తదియ నాడు, రాజాజ్ఞతో, మానాధికారిణి మైలసాని ఎదుట చెక్కినది. పై గీతకూ కింది గీతకూ నడుమ ఉన్నది గాలి, కింది గీత వరకే నేను. పొంగినదాన్ని కాదు, మిగిలినదాన్ని కొలవండి.